ఇక చాలు అనేదెవరు?

మా ఇంట్లో మొల్ల అనే కోడిపెట్ట ఉండేది. 2023 నవంబరులో అది చనిపోయింది. ఇలా రాసి కొట్టేసి, 'మేం దాన్ని చంపించాం' అని రాశాను. అదీ కొట్టేశాను. ఈ రెండు వాక్యాల్లో ఏది నిజమో తేల్చుకోలేక ఈ వ్యాసం చాలాకాలం నా సొరుగులోనే ఉండిపోయింది. "కోడి మీద వ్యాసమా? చివర్లో మసాలా కొలతలు కూడా ఇస్తావా?" అని ఒక స్నేహితురాలు నవ్వింది. నవ్వవలసిన మాటే. మాది కోడికూర తినే ఇల్లు. ఆదివారం ఒక కోడిని కోసుకుని తిని, సోమవారం ఇంకో కోడి తలని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేవాళ్ళ నీతి ఏపాటిదని ఎవరైనా అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ జవాబు దొరికాకే రాయాలనుకుంటే ఎప్పటికీ రాయలేనని మాత్రం అర్థమైంది.

మొల్ల మా ఇంటికి కూరకోసమే వచ్చింది. 2021 జూన్, కరోనా రెండో విడత తగ్గుతున్న రోజులు. కాలేజీ పాఠాలన్నీ ఫోన్లోనే కాబట్టి నేను తెనాలి పక్కన ఉన్న మా ఊళ్ళో అమ్మ దగ్గరే ఉన్నాను. లేయర్ ఫారాల్లో గుడ్లు తగ్గిన కోళ్ళని ఏడాదిన్నర వయసుకే తీసేసి చవగ్గా అమ్మేస్తారు. అమ్మ రెండు కొన్నది. ఒకటి ఆ పూటే కూరైంది. రెండోది తాడు తెంపుకుని నవారు మంచం కిందికి దూరి, రెండు రోజులు బయటికి రాలేదు. తెల్ల లెగ్‌హార్న్ పెట్ట. పొడుచుకోకుండా ముక్కు కొన కత్తిరించేశారు. గోళ్ళు పెరిగి వంకర తిరిగాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మనం రాసుకునే ఏ4 కాగితమంత చోటు కూడా లేని తీగల బోనులో బతికింది కాబట్టి దానికి నేల మీద నడవడం రాదు. ముక్కు మొండిది కావడం వల్ల చెదిరిన నూకలు ఏరుకోలేకపోయేది. మూకుడు నిండా పోస్తే తప్ప తినలేకపోయేది. మూడో రోజు సాయంత్రం జామచెట్టు కింద మట్టిలో పొర్లడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. రెక్కలు చాచి, మట్టి మీద పోసుకుని, ఒక కన్ను మూసి పడుకుంది. అది చూసి అమ్మ కత్తిపీట లోపల పెట్టేసింది.

పేరు పెట్టింది నేను. తెల్లగా మొల్లపువ్వులా ఉంది కాబట్టి ఆ పేరనుకుంది అమ్మ. నేను తలుచుకున్నది ఆతుకూరి మొల్లని. నా పిహెచ్.డి. తొలినాటి కవయిత్రుల మీద. ఈ సంగతి మా గైడుగారికి ఇప్పటికీ చెప్పలేదు. "పేరెట్టావా! ఇంకేముంది, ఇక కొయ్యలేం" అంది అమ్మ. ముప్ఫై ఏళ్ళకు పైగా కోళ్ళని పెంచిన మనిషి ఒక్క కోడికీ పేరు పెట్టలేదు. అది నిర్దయ అనుకునేదాన్ని. కొయ్యబోయేదాన్ని పేరుపెట్టి పిలవకపోవడం ఆమె పాటించిన నియమమని చాలా ఆలస్యంగా తెలిసింది.

అసలు మన దగ్గర పేర్లన్నీ పుంజులవే. డేగ, కాకి, నెమలి, పింగళ అంటూ రంగు రంగుకీ ఒక పేరు, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పడానికి ఒక కుక్కుట శాస్త్రం. పల్నాటి కథలో ఒక రాజ్యం తలరాతే కోడిపందెంలో తేలుతుంది, ఓడినవాళ్ళు అడవుల పాలవుతారు. ఆ నింద ఇప్పటికీ నాయకురాలు నాగమ్మ మీదే ఉండిపోవడం వేరే వ్యాసం. బరిలో చచ్చిన పుంజుది వీరమరణం. పెట్టది మరణం కూడా కాదు. అది కూర అవుతుంది, లేకపోతే తెగులొచ్చి పోతుంది.

మొల్ల మా దగ్గర రెండేళ్ళ నాలుగు నెలలు బతికింది. చివరి వేసవి నుంచి గుడ్లు పెట్టడం తగ్గి, పెంకులేని తోలుగుడ్లు పెట్టేది. దసరా వెళ్ళాక పొట్ట ఉబ్బింది. నిటారుగా, కాళ్ళు ఎడం చేసి నిలబడేది. తురాయి ఎర్రదనం పోయి ఊదారంగుకి తిరిగింది. పశువుల డాక్టరు చూసి, గుడ్డు లోపల దారి తప్పిందన్నాడు. కోడికి పనిచేసే అండాశయం ఒక్కటే, ఎడమవైపుది. అక్కడ తయారైన పచ్చసొన గరాటులాంటి గొట్టంలోకి జారితే దానికి తెల్లసొన, పెంకు చేరి గుడ్డవుతుంది. గొట్టంలోకి కాక పొట్టలోకి జారిపోతే అక్కడే చీము పడుతుంది, నీరు చేరుతుంది. ఈ కోళ్ళకి మూలమైన అడవికోడి ఏడాదికి పదో పదిహేనో గుడ్లు పెడుతుంది. లెగ్‌హార్న్ చేత మనం 300 పెట్టిస్తున్నాం. పైగా పొదుగుకి కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయి కాబట్టి, పొదగాలన్న కోరికే లేకుండా తరాల తరబడి ఏరి ఏరి పెంచారు. మొల్ల ఒక్కనాడూ పొదుగుకి కూర్చోలేదు. కనడం మాత్రమే మిగిలిన ఒళ్ళు, ఆ కనడంతోనే పాడైంది. ఇది రాస్తుంటే నాకు కోళ్ళు మాత్రమే గుర్తు రావడం లేదని వేరే చెప్పనక్కర్లేదు. కానీ పోలిక అక్కడితో ఆపుతాను. దాని బాధని నా ఉపమానానికి వాడేసుకోవడం కూడా ఒక రకం గుడ్లు ఏరుకోవడమే.

డాక్టరు సిరంజితో నీరు తీశాడు. పది రోజులు తేలిగ్గా తిరిగింది. మళ్ళీ నిండింది. రెండోసారి వచ్చినప్పుడు, "మేడమ్, ఇది తగ్గేది కాదు. మీరు సరేనంటే ఇంజెక్షన్ ఇచ్చేస్తాను, నిద్రలో పోతుంది" అన్నాడు. మనిషి మంచివాడు. గేదెలకీ మేకలకీ తిరిగే మనిషి కోడికోసం రెండుసార్లు వచ్చాడు. నేను వద్దన్నాను. "సహజంగా పోనివ్వండి" అన్నాను.

ఆ 'సహజంగా' అనే మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఆ కోడిలో సహజమైనది ఏముందని? ముక్కు దగ్గర్నుంచి గర్భం దాకా మనుషులు దిద్దిన ఒళ్ళు అది. చావు ఒక్కటే సహజంగా జరగాలని నేను పట్టుబట్టాను. దాని బతుకు మీద నాకు హక్కు లేదనుకున్నాను, ప్రాణం తియ్యడానికి నేనెవర్నని అనుకున్నాను. ఈ మాటలన్నీ పుస్తకాల్లోంచి వచ్చినవి. చాలా గౌరవంగా వినిపించే మాటలు. వాటి వెనక ఉన్నది నా చేతికి మచ్చ అంటకూడదన్న కోరిక కావచ్చునని ఆ రోజు తోచలేదు.

తర్వాతి మూడు రోజులు ఇంట్లో ఏం జరిగిందో రాయాలి. నేను చదువుకుంటూ కూర్చున్నాను. అమ్మ చూసుకుంది. గంపలో పాత చీర పరిచి పొయ్యి పక్కన పెట్టింది. వెనకవైపు ఈకలకి అంటుకున్న రెట్టని గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి పూటపూటా తుడిచింది. ముక్కు పక్కన చుక్క చుక్కగా నీళ్ళు అద్దింది. ఒకవైపే పడుకుంటే ఊపిరి ఆడదని రాత్రిళ్ళు లేచి పక్క మార్చింది. పక్కవీధి నుంచి మా పిన్ని వచ్చి, అమ్మ తుడుస్తుంటే రెండు చేతులతో రెక్కలు కదలకుండా పట్టుకునేది. క్యాన్సరొచ్చిన బాబాయిని ఏడాదిపాటు మంచంలో చూసుకున్న మనిషి ఆమె. పెద్దగా మాట్లాడదు. నేను వెళ్ళి కాసేపు తల నిమిరి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ పుస్తకం దగ్గరికి వచ్చేదాన్ని.

ఏం చదివానో కూడా చెప్పాలి, ఎందుకంటే సాహిత్యం నాకు సాయం చేస్తుందని నమ్మాను. తిక్కన మహాప్రస్థానిక పర్వం తీశాను. వెంట వచ్చిన కుక్కని వదిలిపెట్టి స్వర్గానికి రానన్న ధర్మరాజు కోసం. తీరా చదివితే నా కళ్ళు వేరేచోట ఆగాయి. ఆ దారిలో అందరికంటే ముందు పడిపోయింది ద్రౌపది. ఎందుకు పడిందని భీముడు అడిగితే, ఆమెకి అర్జునుడి మీద పక్షపాతమని కారణం చెప్పి, ధర్మరాజు ముందుకే నడిచాడు. కుక్క కోసం స్వర్గాన్నే కాదన్నవాడు భార్య పక్కన ఒక్క క్షణం కూర్చోలేదు. ఆ కుక్క కూడా చివరికి కుక్క కాదు, సాక్షాత్తూ ధర్ముడు. మన ధర్మానికి పరీక్షగా తప్ప జంతువు జంతువుగా చావడానికి కథలో చోటు లేదు. తర్వాత జె.ఎం. కూట్సీ నవల 'డిస్‌గ్రేస్' (1999) తీశాను. అందులో ఎవరూ అక్కర్లేదన్న కుక్కల్ని ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చే పని బెవ్ షా అనే ఆవిడ చేస్తుంది. పక్కన సాయం చేసే ప్రొఫెసరు డేవిడ్ లూరీ. సూది ఆవిడ చేతిలో ఉంటుంది, మథనమంతా అతనిది. నవల కూడా అతనిదే. పుస్తకం మూసి వంటింటి వైపు చూశాను. అక్కడ దీపం వెలుగుతోంది. అమ్మ గంప దగ్గర కూర్చుని ఉంది.

'గౌరవంగా పోనివ్వడం' అని మనం ఇప్పుడు తరచుగా అంటున్నాం. తెలుగులో ఈ మాట నాకు ఇబ్బందిగానే ఉంటుంది. గౌరవం, మర్యాద, పరువు అన్నీ ఒక గూటి మాటలు. పరువు పేరుతో ఆడపిల్లల్ని చంపడానికి మన భాషలో 'పరువు హత్య' అని ఒక మాటే ఉంది. పత్రికలవాళ్ళ 'కారుణ్య మరణం' ఇంకో చిత్రం. కారుణ్య నియామకం లాగా ఎవరో పైనుంచి దయతలచి ఇచ్చే ఆర్డరులా ఉంటుంది. మా అమ్మ ఈ మాటలేవీ వాడదు. ఎవరైనా మంచాన పడి చాలాకాలం బాధపడి పోతే "పాపం, బాగా తీసుకుని పోయింది" అంటుంది. తేలిగ్గా పోతే "తీసుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు" అంటుంది. ఆ 'తీసుకోవడం'లో చూసేవాళ్ళ కరుణ గురించి, పరువు గురించి ఏమీ లేదు. పోయే మనిషి ఒంటికి ఏం జరిగిందన్నదొక్కటే ఉంది.

1928లో సబర్మతి ఆశ్రమంలో నయం కాని రోగంతో, పక్కకి తిరగడం కూడా నరకమైపోయిన ఒక దూడని గాంధీ ఇంజెక్షన్ ఇప్పించి చంపించాడు. దేశమంతా గగ్గోలైంది. అలా చంపడం అహింసే అవుతుందని ఆయన తన పత్రికల్లో జవాబు రాశాడు. అంతకు ముందు ఆశ్రమంలో అందరితోనూ చర్చించాడు. నాకు ఆ చర్చ కంటే ఎక్కువగా తెలుసుకోవాలనిపించేది వేరే ఉంది. ఆ దూడని అన్నాళ్ళూ కడిగింది ఎవరు? ఈగలు తోలింది ఎవరు? ఆ చర్చలో వాళ్ళు ఏమన్నారు?

ఈ ప్రశ్నకి మన సుప్రీంకోర్టు ఒకసారి జవాబు చెప్పవలసి వచ్చింది. ముంబయి కెఇఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరులో అదే ఆసుపత్రిలోని స్వీపరు అత్యాచారం చేసి, గొలుసుతో గొంతు బిగించాడు. మెదడుకి రక్తం అందక ఆమె 42 సంవత్సరాలు మంచంలోనే ఉండిపోయింది. ఆమె మీద పుస్తకం రాసిన పింకీ విరాని, ఇక ఆమెని పోనివ్వమని కోర్టుకి వెళ్ళింది. అన్నేళ్ళూ ఆమెకి స్నానం చేయించి, తిండి పెట్టిన కెఇఎం నర్సులు ఒప్పుకోలేదు. 2011 మార్చి తీర్పులో కోర్టు, అరుణ తరఫున మాట్లాడే హక్కు రచయిత్రికి కాదు, చూసుకున్న ఆసుపత్రి వాళ్ళకే ఉందని చెప్పింది. 2015 మే నెలలో న్యుమోనియాతో అరుణ పోయింది. ఆ తీర్పు వచ్చిన రోజుల్లో నేను పింకీ విరాని పక్షాన ఉన్నాను. నర్సులది మమకారమనీ, ఆమెది ఆలోచన అనీ స్నేహితులతో వాదించాను. ఆమె రచయిత్రి, పరిశోధించింది, అరుణ కథ మనందరికీ తెలియడానికి కారణం ఆమే. ఇదంతా ఇప్పటికీ నిజమే. కానీ మా వంటింట్లో, గంపకీ పుస్తకాల బల్లకీ మధ్య ఉన్న పదడుగుల దూరంలో, నేను ఏ వైపు కూర్చున్నానో నాకు తెలిసింది.

మా నాయనమ్మ కూడా గుర్తొచ్చింది. ఆరేళ్ళు మంచంలో ఉంటే ఎత్తిందీ దించిందీ అమ్మే. 2016లో చివరికి ఆసుపత్రిలో చేర్చారు. పదకొండు రోజులు వెంటిలేటరు. వరండాలో నాన్న, బాబాయిలు, పెదనాన్న డాక్టర్లతో మాట్లాడేవారు. "మనం చెయ్యగలిగిందంతా చెయ్యాలి" అనేవారు. అమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మా చెప్పలేదు. కోడలు చెబితే ఆ మాటకి ఏం అర్థం తీస్తారో ఆమెకి తెలుసు. చిన్నతనం నుంచీ అనాయాస మరణం కావాలని దేవుడికి మొక్కుకున్న నాయనమ్మ, నోట్లో గొట్టంతో, చేతులు మంచానికి కట్టించుకుని పోయింది.

మూడో రాత్రి అమ్మ నన్ను లేపింది. "ఇక చాలే అమ్మాయ్. పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చెయ్యి" అంది. "నీకెట్టా తెలుసమ్మా?" అన్నాను. అది తర్కం కోసం అడిగిన ప్రశ్న, ఇంత రాత్రి వేళ కూడా. అమ్మ విసుక్కోకుండా చెప్పింది. "నిన్నటిదాకా చెయ్యి పెడితే తల ఆనించేది. ఇవ్వాళ చెయ్యి పెడితే ముడుచుకుంటంది. ముట్టుకోవడం కూడా నొప్పైపోయాక ఇంకెందుకు ఉంచడం? మనకోసమేగా." నేను వెళ్ళి చెయ్యి పెట్టాను. నిజమే. ఈకల కింద ఒళ్ళంతా బిగుసుకుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. మూడు రోజులుగా నేను నిమిరింది తలనే. ఆ తేడా నా చేతికి తెలిసే అవకాశం లేదు.

"పోనీ నువ్వే..." అన్నాను. మెడ తిప్పడం అమ్మకి క్షణం పని. అమ్మ నావైపు చూసింది. "పేరు పెట్టింది నువ్వు. పట్టుకోవాల్సింది నువ్వు" అంది.

డాక్టరు ఏడింటికి వచ్చాడు. పిన్ని కూడా వచ్చింది. నేను మొల్లని చీరతో సహా ఒళ్ళో పెట్టుకున్నాను. రెక్క ఎత్తి పట్టుకోమన్నాడు. ఆ అడుగున ఈకలు లేని చోట నీలంగా సన్నటి నరం కనిపించింది. నా చెయ్యి వణుకుతుంటే పిన్ని తన చెయ్యి నా చేతి మీద పెట్టి బిగించింది. సూది వేశాక నిమిషం కూడా పట్టలేదు. ముందు మెడ బరువెక్కింది, తర్వాత కనురెప్ప కిందినుంచి పైకి మూసుకుంది. కోళ్ళకి కింది రెప్పే పైకి మూసుకుంటుందని ఇన్నేళ్ళలో నేను గమనించలేదు. "మందెక్కిన ఒళ్ళు కాబట్టి కుక్కలు తవ్వుకోకుండా లోతుగా పూడ్చండి" అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. అది మట్టిలో పొర్లిన జామచెట్టు కిందే గొయ్యి తీశాం.

దీన్నిబట్టి చూసుకున్నవాళ్ళ మాటే ఎప్పుడూ సరైనదని నేను చెప్పలేను. అరుణ నర్సులు 'ఇక చాలు' అనలేదు, వాళ్ళు కూడా చేతులతో తెలుసుకున్నవాళ్ళే. సేవ చేసే చేతికి అధికారం రాదని కూడా అనలేను. చూసుకోవడంలో అలసట ఉంటుంది, అలసటలోంచి వచ్చే నిర్ణయాలూ ఉంటాయి. నాయనమ్మ విషయంలో అమ్మని అడిగి ఉంటే ఆమె ఏం చెప్పేదో, అందులో ఆరేళ్ళ అలసట ఎంత ఉండేదో నాకు తెలియదు. ఒకసారి అడిగాను. "అడగని మాటకి జవాబెందుకే" అంది. పైగా చూసుకునే పని ఆడవాళ్ళ మీదే ఎందుకు పడిందన్న ప్రశ్నని దాటేసి, 'వాళ్ళకే తెలుసు' అని దండం పెట్టడం ఎంత సుఖమో స్త్రీవాదులమైన మనకి తెలియనిది కాదు. ఆ మూడు రోజులు గంప దగ్గర కూర్చోవడం నాకు చేతకాక కాదు. నా పని ఆలోచించడమని నేనే అనుకున్నాను. ఆ విభజన నాకు ఏ మగవాడూ నేర్పలేదు.

ఆ మూడు రోజులు మొల్లకి ఎలా గడిచాయన్నది నేను ఏ వ్యాసంతోనూ వెనక్కి తీసుకోలేను.

రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ ప్రైవేటు బిల్లు పెట్టి పట్టుబట్టిన ఫలితంగా 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం, తిండి కోసం చంపడాన్ని, అనవసరంగా బాధపెట్టనంతవరకూ నేరంగా చూడదు. మొల్లతో పాటు వచ్చిన రెండో కోడి ఆ లెక్కలోకి వస్తుంది. దానికి పేరు లేదు. దాని గురించి రాయడానికి నా దగ్గర ఒక్క వాక్యం కూడా లేదు, రుచి తప్ప. ఆ తర్వాత కోడికూర మానేశానా అని అడుగుతారు. నేను మానేశాను. అమ్మ మానలేదు. లేయర్ కోళ్ళు మాత్రం కొనడం లేదు. ఎందుకని నేను అడగలేదు.

2018లో సుప్రీంకోర్టు, మనిషి తన చివరి రోజుల వైద్యం గురించి ముందుగానే కాగితం రాసిపెట్టుకోవచ్చని తీర్పిచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. మేజిస్ట్రేటు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు. నేనే ఒకరోజు మాటల్లో అమ్మకి చెప్పాను. సంక్రాంతి వెళ్ళాక అమ్మ ఫోన్ చేసి, ఆ కాగితం తనకీ రాసిపెట్టమంది. వెంటిలేటరు వద్దు, గొట్టాలు వద్దు, చేతులు కట్టొద్దు. ఒక్కొక్కటే చెబుతుంటే రాసుకున్నాను. నువ్వు చెప్పలేని స్థితి వస్తే నీ తరఫున నిర్ణయం తీసుకునేవాళ్ళ పేరు రాయాలని చెప్పి, నా పేరు రాయబోయాను.

"నీ పేరొద్దు" అంది అమ్మ. "నువ్వు మూడు రోజులు ఆలోచిస్తావు. పిన్ని పేరు రాయి."

రాశాను. సాక్షిగా మాత్రం సంతకం నన్నే చెయ్యమంది.